పగ తీరిన తర్వాత

సాహస నవలా రచయితకు పగ సులువుగా దొరికే ముడిసరుకు. ఆత్మీయుల్ని పోగొట్టుకున్న నాయకుడు హంతకుణ్ణి వెతికి మట్టుబెట్టడమనే చట్రంలో గత శతాబ్దంలో లెక్కలేనన్ని నవలలు వచ్చాయి. వాటిలో చాలావాటి బలం ఆఖరి తుపాకీ మోతతోనే అయిపోతుంది. చంపడానికి ముందున్న నష్టమూ, చంపిన తర్వాత మిగిలే మనిషీ పగ కథకు ప్రాణం పోస్తాయని గ్రహించిన రచన, ఇయాన్ ఫ్లెమింగ్ 1964లో వెలువరించిన ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’.

ఆ నష్టం అంతకు ముందరి ఏడాది వచ్చిన నవల చివర్లోనే జరిగింది: పెళ్లయిన కొద్ది గంటలకే గూఢచారి జేమ్స్ బాండ్ భార్య ట్రేసీ, అతని బద్ధశత్రువు బ్లోఫెల్డ్ జరిపించిన కాల్పులకు బలైంది. కొత్త నవల మొదలయ్యేసరికి బాండ్ తాగుడుకు లోబడి, అప్పగించిన పనులు చెడగొట్టి, ఉద్యోగం పోగొట్టుకునే స్థితిలో ఉంటాడు. అసాధ్యమనిపించే పని అప్పగిస్తే తేరుకోవచ్చని ఒక వైద్యుడు సూచించగా, పై అధికారి ఎమ్ అతన్ని జపాన్‌కు పంపుతాడు. సోవియట్ సంకేత భాషను ఛేదించి రాబట్టిన రహస్యాలను అక్కడి గూఢచారి సంస్థ అధిపతి టైగర్ టనాకా నుంచి సంపాదించడం ఆ పని. బదులుగా టనాకా ఒక హత్య చేసిపెట్టమంటాడు: క్యూషూ దీవిలోని పాత కోటలో విషపు మొక్కల తోట పెంచి, ఆత్మహత్య చేసుకోదలచినవారికి దాన్ని ఆకర్షణగా మార్చిన ఒక విదేశీయుణ్ణి అంతం చేయాలి.

ఫ్లెమింగ్ నేర్పు ఇక్కడే కనిపిస్తుంది. నవల దాదాపు సగానికి వచ్చాక, చేతికందిన ఆ విదేశీయుడి ఫొటోలో బాండ్ బ్లోఫెల్డ్‌ను గుర్తుపడతాడు. ఆ సంగతి టనాకాకు చెప్పకుండా దాచుకుంటాడు. ఆ మౌనంతో ప్రభుత్వం పంపిన పని సొంత పగగా మారుతుంది, విధికీ ద్వేషానికీ మధ్య ఉన్న గీత చెరిగిపోతుంది. చివరి పోరాటంలో బ్లోఫెల్డ్ సమురాయ్ కత్తి, అంటే జపాన్ యోధుల సంప్రదాయ కత్తి, దూస్తే, కర్రతో ఎదురు నిలిచిన బాండ్ ఆఖరికి ఒట్టి చేతులతోనే అతని గొంతు నులిమి చంపుతాడు. ఆ విజయం అతనికేమీ మిగల్చదు: కోట నుంచి తప్పించుకునేటప్పుడు తలకు తగిలిన గాయంతో జ్ఞాపకశక్తి పోయి, తానెవరో తెలియని జాలరిగా ఒక చిన్న దీవిలో బతుకుతుంటాడు.

1967లో ఇదే పేరుతో వచ్చిన సినిమా, ట్రేసీ మరణాన్ని చూపే చిత్రం 1969 దాకా రాకపోవడం వల్ల, పగ అన్న మూలకారణం లేకుండానే నడిచింది. అగ్నిపర్వతంలో దాచిన రాకెట్ స్థావరం కళ్లు చెదరగొట్టినా, నవలలో బాండ్ మోసిన దుఃఖపు బరువు తెరమీద లేదు.

శత్రువు ఎంత క్రూరుడో వర్ణించడానికి పేజీలు ఖర్చు చేసే రచయితలు, నాయకుడు ఏం పోగొట్టుకున్నాడో, పగ తీరాక ఏమవుతాడో చెప్పడానికి అంతకు రెట్టింపు శ్రద్ధ పెట్టాలి. ఆ రెండూ లేని పగ కథ ఎంత వేగంగా నడిచినా ఒకసారి చదివి పక్కన పెట్టేయదగ్గదే.