గడ్డివామిలో ఈటె: హత్యాయుధ అన్వేషణ, ‘యజ్ఞం’ ముగింపు

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ ముగింపుపై తెలుగు విమర్శలో జరిగిన చర్చ చాలా పెద్దది. ఆ చర్చలో అధిక భాగం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. సీతారాముడు కన్నకొడుకును చంపడం సహజమా, అసహజమా? అనుకూలురు, ప్రతికూలురు కూడా ఈ ప్రశ్నను పాత్ర మనస్తత్వానికి, రచయిత నిబద్ధతకు ముడిపెట్టి సమాధానాలు వెతికారు. దీనికి ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉందని ఈ వ్యాసం భావన. ఈ హత్యలో ఆయుధం ఏది? దాన్ని ఎక్కడ దాచారు? దాచినట్లు ఎవరికి తెలుసు? చంపిన చెయ్యి ఎవరిదో ఊరందరి ముందూ తేలిపోయింది. అయినా విమర్శలో ఇది ఇప్పటికీ తేలని హత్యే. ‘తండ్రి చంపాడు’ అనే పాఠకుడూ, ‘వ్యవస్థ చంపింది’ అనే పాఠకుడూ ఎవరి దారిన వారు వెళ్ళిపోతున్నారు. రెండో పాఠకుడు చెప్పే ఆయుధం ఏదో చూపించమంటే మాత్రం జవాబు తడబడుతుంది.

ఆయుధం జాడ తీయడానికి న్యాయశాస్త్రంలో ఒక కచ్చితమైన పద్ధతి ఉంది. ఆ పద్ధతికి ఆధారమైన తీర్పు ఒక తెలుగు పల్లెలో జరిగిన తగాదా నుంచి వచ్చింది. న్యాయ విద్యార్థులు తప్పనిసరిగా చదివే ఈ తీర్పు సాహిత్య విద్యార్థుల దృష్టికి అంతగా రాలేదు. అందుచేత దాన్ని కొంత వివరంగా పరిశీలించడం అవసరం.

గుంటూరు జిల్లాలోని ఒక గ్రామంలో రెండు కక్షలు. 1944 డిసెంబరు 29న ఒక కక్షవారు రెండో కక్షవారి మీద పడి కొట్టారు. మనుషులు చనిపోయారు. గుంటూరు సెషన్స్ కోర్టులో ఎసెసర్లు ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని నమ్మలేదు. ప్రత్యక్ష సాక్షులందరూ ముద్దాయిలకు వైరి పక్షంవారే. జడ్జి ఆ సంగతి గుర్తిస్తూనే వారు చెప్పినది సారాంశంలో నిజమని భావించి శిక్షలు వేశారు. మద్రాసు హైకోర్టు వాటిని ఖాయపరిచింది. పులుకూరి కోటయ్య, మరికొందరు ప్రీవీ కౌన్సిల్‌కు అప్పీలు చేసుకున్నారు. 1946 డిసెంబరులో సర్ జాన్ బోమాంట్ తీర్పు చెప్పారు. ఆ పేరుతోనే అది ప్రసిద్ధం.

వివాదం ఒక వాంగ్మూలం మీద. పోలీసుల అదుపులో ఉన్న ఒక ముద్దాయి చెప్పినదాంట్లో మూడు అంశాలున్నాయి. కాపు కాసి కొట్టి చంపామన్నది మొదటిది. ఈటెనూ కర్రనూ ఊళ్ళో ఒకరి గడ్డివామిలో దాచానన్నది రెండవది. వస్తే చూపిస్తానన్నది మూడవది. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 25, 26 సెక్షన్ల ప్రకారం పోలీసుల దగ్గర చేసిన నేరాంగీకారం చెల్లదు. 27వ సెక్షన్ ఒక సందు వదిలింది. ముద్దాయి చెప్పిన మాట వల్ల ఒక ‘విషయం’ బయటపడితే, ఆ బయటపడటానికి స్పష్టంగా సంబంధించినంత మేరకు మాత్రమే ఆ మాట చెల్లుతుంది. ప్రభుత్వ న్యాయవాది వాదన ప్రకారం బయటపడిన విషయమంటే ఈటే. కాబట్టి ఈటెతో ముడిపడిన మాటంతా, పొడిచామన్న మాటతో సహా, సాక్ష్యమే.

బోమాంట్ ఆ వాదనను తోసిపుచ్చారు. ఒక మనిషి తన ఇంటి కప్పులో కత్తి ఉందని చెప్పి చూపిస్తే కత్తి అనే వస్తువును కనుగొన్నట్లు కాదనీ, కత్తులను మనుషులు ఎన్నడో కనుగొన్నారనీ ఆయన కొంత చమత్కారంగానే అన్నారు. బయటపడినవి రెండు. ఒకటి వస్తువు ఉన్న చోటు. రెండు, ఆ చోటు ఆ మనిషికి తెలుసునన్న సంగతి. ఆ కత్తితో ఏం చేశారన్నది గతం. గతం ఈ బయటపడటంలో భాగం కాదు. దానిని వేరే సాక్ష్యంతో రుజువు చేయాలి. ఆ రుజువు ఉంటే దాచిన చోటు తెలిసి ఉండటం చాలా బలమైన సాక్ష్యమవుతుంది. లేకపోతే గడ్డివామిలో ఒక ఈటె ఉందన్నంత వరకే. ప్రీవీ కౌన్సిల్ అప్పీలును అనుమతించి, చెల్లని భాగాలు తీసివేశాక మిగిలిన సాక్ష్యం శిక్షకు సరిపోతుందో లేదో చూడమని కేసును హైకోర్టుకు తిప్పి పంపింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో పాత 27వ సెక్షన్ 23వ సెక్షన్‌కు మినహాయింపుగా చేరింది. కోటయ్య తీర్పు విలువ తగ్గలేదు.

పల్లెలో హత్యాయుధం సాధారణంగా పనిముట్టే. గొడ్డలి, కొడవలి, కర్ర. నిన్న కట్టెలు కొట్టినది, రేపు కొట్టబోయేది. మధ్యవర్తుల నివేదికలో ‘రక్తపు మరకలు గల కొడవలి ఒకటి’ అని రాసి, చీటీ కట్టి, కోర్టులో ‘ఎం.ఓ.1’ అని నెంబరు వేసేదాకా అది ఆయుధం కాదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలల వంటి తెలుగు అపరాధ పరిశోధనలో దొరికిన వస్తువు ఒకే ఒక మనిషి దగ్గరకు నడిపిస్తుంది. పల్లె వస్తువు అలా నడిపించదు. అలాంటిది ఇంటింటా ఉంటుంది. ఈ కారణంగానే పల్లె హత్యలో వస్తువుకన్నా చోటు ముఖ్యం, చోటుకన్నా ‘ఎవరికి తెలుసు’ అన్నది ముఖ్యం.

ఉత్తరాంధ్ర సాహిత్యం ఈ ప్రశ్నను చాలా ముందే ఎదుర్కొంది. ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లు మీద హత్యానేరం పడుతుంది. పెళ్ళికూతురు మాయమైంది. శవం లేదు. ఆయుధం లేదు. అసలు పెళ్ళికూతురే లేదు, ఆడవేషం వేసిన మహేశం తప్ప. అయినా కేసు నిలబడుతుంది, దాని మీద బతకదలచినవాళ్ళు బతుకుతారు. గురజాడ ఇక్కడ హాస్యం పండించారని మనం తేలికగా తీసుకుంటాం. కాని 1897 నాటి తొలి ముద్రణ నుంచి 1909 నాటి మలి కూర్పుకు నాటకం ఎంత పెరిగిందో చూస్తే, కోర్టు వ్యవహారం మీద ఆయన దృష్టి యాదృచ్ఛికం కాదని తెలుస్తుంది. ఆ కేసు తేలడానికి కావలసినది వస్తువు కాదు, తెలిసిన మనిషి. ఆ మనిషి మధురవాణి. నిజం తెలిసి ఉండి, దాన్ని సౌజన్యారావు ముందు పెట్టగలిగినది ఆమే. కోటయ్య తీర్పు భాషలో చెప్పాలంటే నాటకంలో బయటపడిన ‘విషయం’ ఆమె ఎరుక.

గురజాడ చూపినది లేని హత్యకు కేసు. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన స్థితి ఇదే ప్రాంతపు చరిత్రలో ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి నౌపడ నుంచి బయలుదేరడం మేలు. టెక్కలికి దిగువన, సముద్రపు పాయల పక్కన, ఉప్పుమళ్ళ ఊరు నౌపడ. అక్కడి నుంచి 1900లో పర్లాకిమిడి సంస్థానంవారు చిన్న రైలు వేశారు. 1931 నాటికి అది గుణుపూరు చేరింది. రైలు ఎక్కేది తీరాన, దిగేది కొండల అంచున. గుణుపూరుకు నైరుతి దిక్కున ఆ కొండల్లోనే గుమ్మలక్ష్మీపురం, కురుపాం, మొండెంఖల్లు ఉన్నాయి. కొండమీద చింతపండు ఉంటుంది, పసుపు ఉంటుంది, ఉప్పు ఉండదు. ఉప్పు కింది నుంచి రావలసిందే. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ తెచ్చిన సావుకారు ఖాతాలో అప్పు మొదలై భూమి చేతులు మారడంతో ముగిసిన కథ శ్రీకాకుళం ఏజెన్సీ చరిత్ర చదివినవారికి కొత్త కాదు. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం వంటి ఉపాధ్యాయులు గిరిజన సంఘం కట్టినది ఆ ఖాతాల మీదే.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో సంఘం మహాసభ. ఆ సభకు వెళుతున్నవారిపై లేవిడి దగ్గర భూస్వాముల పక్షం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న చనిపోయారు. తుపాకీ గుండుకు జాడ తీయడం కొడవలి జాడ తీయడంకన్నా సులువు కావాలి. కొడవలి ఇంటింటా ఉంటుంది, తుపాకీ ఏ ఇంట ఉందో ఊరందరికీ తెలుస్తుంది. అయినా మరుసటి ఏడాది ముద్దాయిలు నిర్దోషులుగా బయటికి వచ్చారు. కోర్టు లెక్కలో అవి ఎవరూ చెయ్యని హత్యలు. కొండ లెక్కలో ఎవరు చేశారో తెలియనివాడు లేడు. ఆ ఏడాది చివర ఉద్యమం సాయుధమైంది. ఆ తర్వాత వచ్చిన పార్వతీపురం కుట్ర కేసు నేపథ్యంలో కాళీపట్నం ‘కుట్ర’ రాస్తూ, ఆ నేరారోపణలోని మాటనే తిప్పి అడిగారు.

‘యజ్ఞం’ లేవిడికన్నా ముందటి కథ. లేవిడి ఘటనను దానికి మూలంగా చూపడం కాలవిరుద్ధం. ఇక్కడ లేవిడిని ప్రస్తావించినది అందుకు కాదు. ఊరందరికీ తెలిసినది సాక్ష్యంగా మారకుండా ఉండిపోయే స్థితి ఈ ప్రాంతానికి ఎంత వాస్తవమో చూపడానికి. ‘యజ్ఞం’ ఆ స్థితి గురించిన కథ.

సుందరపాలెంలో సభ. అప్పల్రాముడు గోపన్నకు బాకీ. శ్రీరాములునాయుడు పెద్ద. అప్పు ఉందా అంటే ఉంది. తీర్చాలా అంటే తీర్చాలి. ఎవరూ అబద్ధం చెప్పరు. నాయుడు దుర్మార్గుడు కాడు, ఊరికి మేలు చేసినవాడే. గోపన్న అడగరానిది అడగడు. అప్పల్రాముడు ఎగ్గొట్టాలనుకోడు. ఇంతమంది న్యాయంగా మాట్లాడుకున్న సభ చివర సీతారాముడు వెళ్ళి, పసివాడి శవంతో తిరిగి వస్తాడు. తన కొడుకు తన తర్వాత మరో పాలేరు కాకూడదని.

‘వ్యవస్థ చంపింది’ అనే విమర్శకుడు ఈ చోట తొందరపడతాడు. అప్పు పత్రం దొరికింది కాబట్టి చంపినది అప్పే అంటాడు. ఇది సరిగ్గా ప్రీవీ కౌన్సిల్ తోసిపుచ్చిన వాదన. పత్రం దొరకడం వల్ల పత్రం ఉన్న చోటు బయటపడింది, అది ఎవరి ఎరుకలో ఉందో బయటపడింది. అంతే. ‘దీనితోనే చంపాము’ అన్న భాగం దానంతట చెల్లదు. దాన్ని నేరుగా కథ మీద రుద్దినప్పుడు ‘యజ్ఞం’ నినాదమవుతుంది, సీతారాముడు బొమ్మ అవుతాడు. ఈ తప్పును మార్క్సిస్టు విమర్శ మాత్రమే చేసిందని అనలేం. కథను మెచ్చినవారిలో చాలామంది చేశారు. నా పాత పాఠ్యబోధనలోనూ ఈ తొందరపాటు ఉంది.

రెండో పక్షం తప్పు దీనికి అవతలి కొస. చేతిని చూసి ఆగిపోవడం. ముగింపు కృత్రిమమని, కథలో అంత నేపథ్యం అనవసరమని వచ్చిన అభ్యంతరాలు నిజానికి ఒకదానికొకటి జవాబు. ఊరి చరిత్ర, పంటలు, రోడ్డు, బడి, కొందరు బాగుపడి మరికొందరు భూమి పోగొట్టుకున్న క్రమం, ఎవరి మాట ఎవరు ఎందుకు కాదనలేరో చూపే సంభాషణలు, ఇవన్నీ కథకు బరువు అని కొందరు పాఠకులు భావిస్తారు. కోటయ్య తీర్పు కోరిన ‘వేరే సాక్ష్యం’ అదే. దొరికిన వస్తువును జరిగిన హత్యకు కలిపే ముడి ఆ పేజీల్లో ఉంది. ఆ సాక్ష్యం తీసివేస్తే మిగిలేది కొడుకును నరికిన ఒక తండ్రి, ఒక పాత ప్రామిసరీ నోటు. ముడి పడదు. కథ నిడివి దాని రుజువుభారం.

ఎరుక విషయంలో మాత్రం ‘యజ్ఞం’ తీర్పుకన్నా ఒక అడుగు ముందుకు వెళుతుంది. గడ్డివామిలో ఈటె ఒక్క ముద్దాయికి తెలుసు, అందుకే అది అతనికి వ్యతిరేక సాక్ష్యం. సుందరపాలెంలో అప్పల్రాముడి బాకీ ఎక్కడుందో సభలో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. దాచినదేదీ లేదు. అందరికీ తెలిసిన చోట ఉన్న వస్తువు బయటపడటం చట్టం దృష్టిలో ‘బయటపడటం’ కిందికి రాదు. బహిరంగ ప్రదేశంలో, అందరికీ కనిపించే చోట దొరికిన వస్తువు విషయంలో కోర్టులు జాగ్రత్త పడేది ఇందుకే. కాళీపట్నం కథనశిల్పం ఆ చట్టపు అంచు మీద నిలబడింది. ఎవరి ఒక్కరి ఎరుకలోనూ లేక అందరి ఎరుకలోనూ ఉన్న ఆయుధానికి ముద్దాయి ఎవరు? సభ ఈ ప్రశ్న అడగదు, ఎందుకంటే అడిగితే జవాబు చెప్పవలసినది సభే.

ఇంత చెప్పాక కూడా ఒక అభ్యంతరం మిగులుతుంది. దాన్ని తేలిగ్గా దాటవేయకూడదు. చనిపోయిన పసివాడు ఎవరికీ బాకీ లేడు. అతని తరఫున సభలో ఎవరూ మాట్లాడలేదు, విమర్శలో మాట్లాడినవారూ తక్కువే. తల్లి వైపు నుంచి ఈ కథను చదివితే సభ న్యాయం, సీతారాముడి తిరుగుబాటు రెండూ ఆమె లేనిచోట మగవాళ్ళు తీర్చుకున్న లెక్కలుగా కనిపిస్తాయి. ఆయుధం జాడ అప్పు పత్రం దాకా వెళ్ళడం నిజమే అయినా, ఆ దారిలో సీతారాముడి చెయ్యి ఒక మజిలీగా ఉండితీరుతుంది. దాన్ని జాబితాలోంచి తీసివేసే హక్కు ఏ సిద్ధాంతానికీ లేదు. రచయిత కూడా తీసివేయలేదు. నెత్తుటి మూటను సభ మధ్యకు, అందరూ చూసేచోటికి మోసుకొచ్చినవాడు సీతారాముడే. ఆ మూటకు మధ్యవర్తుల నివేదిక రాయడానికి అక్కడ కూర్చున్నవారిలో ఎవరు పనికివస్తారు?