రామదాసు తిట్టు: వ్యాజస్తుతి పరిధి

భద్రాచల రామదాసు రాముణ్ణి నిలదీసిన కీర్తనలను ‘నిందాస్తుతి’ అనడం విమర్శలో స్థిరపడిన సంప్రదాయం. ఆ పేరు వెంటనే ఆలంకారికుల వ్యాజస్తుతిని స్ఫురింపజేస్తుంది. పైకి నిందగా కనిపించి స్తుతిగా, లేదా స్తుతిగా కనిపించి నిందగా పర్యవసించడమే వ్యాజస్తుతి అని మమ్మటుని నిర్వచనం. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకానికి ఈ లక్షణం చక్కగా అన్వయిస్తుంది. అక్కడ చమత్కారం విడివడగానే నింద కరిగిపోతుంది. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో మాత్రం అది కరగదు.

నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న తానీషా పాలనాకాలంలో (1672–1687) పాల్వంచ పరగణా తహశీలుదారు. ఆ పాల్వంచ నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, కొత్తగూడేనికి సమీపంలో ఉంది. ప్రభుత్వ ధనంతో ఆలయం కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడని సంప్రదాయం. దొరతనానికి లెక్క చెప్పవలసిన ఉద్యోగి ఈ కీర్తనలో దేవుణ్ణి లెక్క అడిగాడు. ప్రాకారం, భరతుని పచ్చల పతకం, లక్ష్మణుని ముత్యాల పతకం, సీతమ్మ చింతాకు పతకం, ఒక్కొక్కదానికి ఎంత పట్టిందో వరుసగా వినిపించాడు. పదివేలు అన్న అంక్యే పదేపదే రావడం వల్ల ఆ జాబితా ఖర్చుపద్దును దాటి ఎత్తిపొడుపుగా మారింది.

తిట్టుకు జాబితా రూపం తెలుగుకే పరిమితం కాదు. షేక్స్పియర్ ‘కింగ్ లియర్’ రెండవ అంకంలో కెంట్ ఓస్వాల్డ్‌ను ఊపిరి తిప్పుకోనీయని విశేషణపరంపరతో తిడతాడు. ఆ వరుస ఎదుటివాని ఎంగిలి తిండిని, దాస్యాన్ని లెక్కపెట్టి చిన్నబుచ్చుతుంది. రామదాసు వరుస అందుకు విలోమం. అతడు ఎదుటివాని లేమిని కాక, తానే సమకూర్చిన కలిమిని లెక్కపెట్టాడు. ఒక్క హీనవిశేషణం లేకుండానే రాముడు బాకీదారుగా నిలబడ్డాడు.

జాబితా ముగిశాక తిట్టు సూటిగా తండ్రిని తాకుతుంది. ‘ఎవడబ్బ సొమ్ము’ అన్నది నేటికీ తెలుగు వీధుల్లో బతికున్న పరుషోక్తి. ఇతరుల విషయంలో అది ఊతపదం కావచ్చు. పితృవాక్యపరిపాలకునిగా కీర్తి పొందినవాని పట్ల అది మర్మఘాతం. నగలు దశరథుడు పంపాడా, జనకుడు పెట్టాడా అన్న ప్రశ్న ఆ గాయాన్నే మరింత లోతు చేస్తుంది.

అనంతరం కవి క్షమాపణ కోరుతాడు. ఇదే నిర్ణాయకమైన ఆధారం. వ్యాజస్తుతికి క్షమాపణతో పని లేదు, వినేవానికి చివరకు అందేది స్తుతే కనుక. దెబ్బలకు ఓర్వలేక తిట్టానని కవి చెప్పుకోవడం, తిట్టు తిట్టేనని అంగీకరించడం. అక్కడ తిరిగి వచ్చిన ‘అబ్బ’ పదానికి తండ్రి అనీ, నొప్పికి వెలువడిన ఆర్తధ్వని అనీ రెండన్వయాలూ పొసగుతాయి. నిందా వేదనా ఒకే పదంలో కలిశాయి.

కాబట్టి ‘నిందాస్తుతి’ అన్న పేరు నిలిచినా, ఈ కీర్తన విషయంలో దానిని వ్యాజస్తుతికి పర్యాయంగా గ్రహించడం తగదు. ఇక్కడ నిందకు పర్యవసానం స్తుతి కాదు, శరణాగతి. అలంకారంగా వివరించి ఆ కోపాన్ని తొలగిస్తే, చెరలోని మనిషి గొంతు కూడా దానితోపాటే తొలగిపోతుంది.