కోడ్‌లోని టీక: జావాస్క్రిప్ట్‌లో వివరణ స్థానం – విమర్శనాత్మక పరిశీలన

మూలం పక్కనే టీక ఉంటే పాఠకుడు మరో గ్రంథాన్ని వెతుక్కోనక్కరలేదు. ప్రోగ్రామింగ్ భాషలన్నీ ఈ సౌలభ్యాన్ని ఒకేవిధంగా కల్పించలేదు. పైథాన్‌లో ఫంక్షన్ ఆరంభంలో రాసిన వివరణ ఆ ఫంక్షన్‌తోపాటే నిలిచి, ‘హెల్ప్’ అని అడగగానే తెరపైకి వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అటువంటి ఏర్పాటు లేదు. జేఎస్‌డాక్ పద్ధతిలో వ్యాఖ్యను ఫంక్షన్‌కు పైన రాస్తారు. అది ఎడిటర్‌లో చదివేవారికి ఉపకరిస్తుంది గాని, బ్రౌజర్ కన్సోల్‌లో ఫంక్షన్‌ను పరీక్షించేవారికి అందదు. అదే వ్యాఖ్యను ఫంక్షన్ లోపల రాస్తే ‘టూస్ట్రింగ్’ ద్వారా చదవవచ్చు. మూలపాఠాన్ని వ్యాఖ్యలతో సహా యథాతథంగా చూపాలని 2019 నాటి ఎక్మాస్క్రిప్ట్ ప్రమాణం నిర్దేశించింది. అయితే కోడ్‌ను కుదించే సాధనాలు సాధారణంగా వ్యాఖ్యలను తొలగిస్తాయి. అప్పుడు మూలం మిగిలి, టీక లుప్తమవుతుంది. వివరణను స్ట్రింగ్ రూపంలో ఫంక్షన్‌కు ఒక ప్రాపర్టీగా జతచేయడం ఇంతకంటే మేలైన మార్గం. ఫైలు పరిమాణం కొంత పెరిగినా వివరణ నిలుస్తుంది. యూనికోడ్ ఆధారిత భాష కనుక ఆ వివరణ తెలుగులోనూ ఉండవచ్చు. కాబట్టి వివరణ విలువను అది ఎంత స్పష్టంగా ఉందన్నదానితోపాటు, అవసరమైన క్షణంలో చదువరికి అందుతున్నదా లేదా అన్నదానిని బట్టి కూడా నిర్ణయించాలి.