ఇనుపగిన్నెలో అమృతం

సిక్కుల అమృతంలో అపురూపమైన దినుసేదీ లేదు. శుభ్రమైన నీళ్లు, గుప్పెడు పతాసాలు, పోయడానికి ఒక ఇనుపగిన్నె, కలపడానికి ఖండా అనే రెండువైపులా పదునున్న కత్తి. అంతే. ఆ నీళ్లు తాగినవాళ్లు జుట్టుకు కత్తెర తగలనివ్వరు, పొగాకు ముట్టరు, బతికినన్నాళ్లూ కిర్పాన్ అనే చిన్న కత్తి ధరిస్తారు. మామూలు నీళ్లకు అంత బలం ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియాలంటే, వాటిని తయారుచేసే తీరును దగ్గరగా చూడాలి.

ఈ దీక్షను ఖండే దీ పాహుల్ అనీ, అమృత్ సంచార్ అనీ అంటారు. శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1945లో ఆమోదించిన సిక్కు రహిత్ మర్యాదా అనే నియమావళి దీని క్రమాన్ని వివరంగా చెబుతుంది. గురు గ్రంథ్ సాహిబ్ సన్నిధిలోనే జరగాలి. కనీసం ఆరుగురు అమృతధారులు ఉండాలి. ఒకరు గ్రంథం దగ్గర కూర్చుంటే, మిగతా ఐదుగురు పంజ్ ప్యారేలుగా, అంటే ఐదుగురు ప్రియులుగా, దీక్ష ఇస్తారు. ఇచ్చేవాళ్లూ, పుచ్చుకునేవాళ్లూ తలస్నానం చేసి, ఐదు కకారాలతో రావాలి: కత్తిరించని కేశాలు, కంఘా అనే దువ్వెన, చేతికి ఇనుప కడా, కచ్ఛెరా అనే పొట్టి లాగు, కిర్పాన్. దీక్షకు కులమతాలు, దేశం అడ్డు కావు. మరీ పసివయసు మాత్రం పనికిరాదు. తానేం ఒప్పుకుంటున్నాడో తెలిసేంత బుద్ధి వచ్చి ఉండాలి.

ఐదుగురూ గిన్నె చుట్టూ వీరాసనంలో కూర్చుంటారు. కుడి మోకాలు నేలకు ఆనుతుంది, ఎడమ మోకాలు నిలిచి ఉంటుంది. లేవమంటే ఒక్క ఊపులో లేవగలిగే భంగిమ అది. ఒకరు ఎడమచేత్తో గిన్నె అంచు పట్టుకుని, కుడిచేత్తో ఖండా తిప్పుతూ బాణీ అనే ప్రార్థన పఠిస్తారు. తక్కిన నలుగురు రెండు చేతులూ గిన్నె అంచుకు ఆనించి, చూపు నీళ్లమీదే నిలుపుతారు. ఒక బాణీ పూర్తయ్యాక ఖండా మరొకరి చేతికి వెళ్తుంది. జప్‌జీ, జాప్, సవైయే, చౌపాయీ, ఆనంద్: మొత్తం ఐదు. జప్‌జీ మొదటి గురువు నానక్‌ది, ఆనంద్ మూడో గురువు అమర్‌దాస్‌ది. మిగిలినవి పదో గురువు గోవింద్ సింగ్ వాణిగా సిక్కులు పఠించేవి. రెండు శతాబ్దాల గురుపరంపర పలుకు ఆ కాసిని నీళ్లమీదుగా సాగుతుంది. పఠనమంతా అయ్యేదాకా కత్తి ఆగదు, చేతులు గిన్నెను వదలవు.

ఈ అమృతాన్ని ఎవరూ ఒంటరిగా తయారుచేయలేరు. ఎంత పండితుడైనా, ఎంత తపస్సంపన్నుడైనా ఒక్కడి వల్ల కాదు. ఈ ఏర్పాటులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించే సంగతి ఇదే.

తర్వాత ఒక్కొక్కరూ వీరాసనంలో కూర్చుని, ఎడమ పుడిసిలిమీద కుడి పుడిసిలి పెట్టి అమృతం పుచ్చుకుంటారు. ఇచ్చేవారు ‘వాహెగురూజీ కా ఖాల్సా, వాహెగురూజీ కీ ఫతే’ అంటే పుచ్చుకునేవారు అదే మాట తిరిగి పలకాలి. ఐదుసార్లు తాగుతారు. ఐదుసార్లు కళ్లమీద, ఐదుసార్లు కేశాలమీద చిలకరిస్తారు. అందరికీ ఇచ్చాక గిన్నెలో మిగిలినదాన్ని ఆడా మగా తేడా లేకుండా అందరూ వంతులవారీగా అదే గిన్నెలోంచి తాగుతారు.

అక్కడే ఆగి ఆలోచించాలి. ఎంగిలి పట్టింపు ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. దళితులకు వేరే గ్లాసు పెట్టిన టీకొట్లు మన ఊళ్లలోనే ఉన్నాయి. క్షీరసాగరం చిలికి తీసిన అమృతాన్ని సైతం మోహిని రెండు బంతులు వేసి, ఒక బంతికే వడ్డించింది. ఎవరి నోరు తగిలిన గిన్నెలో ఎవరు తాగాలన్న దానిమీదే సమాజం నిలబడిన కాలంలో, ఒకరి ఎంగిలి ఒకరు తాగితేనే పవిత్రులవుతారని విధించడం చిన్న సాహసం కాదు. సమానత్వం గురించి ఉపన్యాసాలు ఎన్నైనా వినవచ్చు. పక్కవాడు తాగిన గిన్నెకు పెదవి ఆనించడం వేరు.

సంప్రదాయం ప్రకారం మొదటిసారి ఇది జరిగింది 1699 వైశాఖీ నాడు, ఆనంద్‌పూర్‌లో. పదో గురువు కత్తి దూసి తల ఇచ్చేవారెవరని అడిగితే ఒకరి తర్వాత ఒకరుగా ఐదుగురు లేచారు. లాహోర్ ఖత్రీ దయారామ్, హస్తినాపురం జాట్ ధరమ్‌దాస్, పూరీ నుంచి నీళ్లు మోసే కులానికి చెందిన హిమ్మత్, ద్వారక నుంచి బట్టలకు అద్దకం వేసే కులానికి చెందిన మోహకం, బీదర్ మంగలి సాహిబ్. నీళ్లలో పతాసాలు వేసింది గురుపత్ని మాతా జీతో అని ఎక్కువమంది చెప్పుకుంటారు. మాతా సాహిబ్ దేవాన్ అనేవారూ ఉన్నారు. ఉక్కుకు తీపి తోడవ్వాలన్న భావంలో మాత్రం తేడా లేదు.

అంతకుముందు దీక్ష అంటే చరణ్ పాహుల్, గురుపాదం తాకిన నీళ్లు. పాదం ఉన్న చోట ఇప్పుడు ఖండా వచ్చింది. ఐదుగురికీ అమృతం ఇచ్చిన గురువు, తిరిగి ఆ ఐదుగురి ఎదుటే మోకరిల్లి తనకూ ఇమ్మని అడిగారు. గోవింద్ రాయ్ అలా గోవింద్ సింగ్ అయ్యారు. మంగలి కులంలో పుట్టిన వ్యక్తి చేతిమీదుగా గురువు దీక్ష తీసుకున్న ఆ ఘట్టానికి సాటివచ్చేవి మన చరిత్రలో చాలా తక్కువ. అది ఒక్కనాటి వినయంతో ముగిసిపోలేదు కూడా. కొన్నేళ్లకు చమ్‌కౌర్ గఢీలో శత్రుసేన చుట్టుముట్టినప్పుడు, కోట విడిచి వెళ్లమని ఐదుగురు సిక్కులు ఆజ్ఞాపిస్తే గురువు తలవంచారని సంప్రదాయం చెబుతుంది. 1708లో నాందేడ్‌లో దేహం చాలించేముందు మానవ గురుపరంపరకు ముగింపు పలికి, గ్రంథాన్ని గురువుగా నిలిపారు. గురువు లేని రోజున దీక్ష ఎవరివ్వాలన్న ప్రశ్న అప్పుడు తలెత్తలేదు. జవాబు తొమ్మిదేళ్ల కిందటే ఆనంద్‌పూర్‌లో సిద్ధమైంది.

ఈ కథ మనకు దూరం కూడా కాదు. ఆ ఐదుగురిలో ఒకరైన సాహిబ్ సింగ్ పుట్టిన బీదర్ జహీరాబాద్ దాటితే వస్తుంది. పాల్కురికి సోమన తెలుగులో కీర్తించిన బసవని ఊరు కల్యాణం కూడా ఆ జిల్లాలోనే ఉంది. నాందేడ్‌ను ఒరుసుకుని పారే గోదావరే కిందికి బాసరకు వస్తుంది. బీదర్, నాందేడ్ రెండూ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోవే. తెలుగు ధారాళంగా మాట్లాడే దక్కనీ సిక్కు కుటుంబాలు తరాలుగా హైదరాబాద్‌లో ఉన్నాయి.

దీక్ష ఇచ్చే ఐదుగురిలో స్త్రీలూ ఉండవచ్చని రహిత్ మర్యాదా స్పష్టంగా చెప్పినా, ఆచరణలో అది అరుదు. నియమం ఇంత ఉదారంగా ఉన్నప్పుడు ఆచారం వెనకబడటం బాధ కలిగిస్తుంది.

దీక్ష పుచ్చుకున్నవారికి ఐదుగురూ చివర్లో కొన్ని మాటలు చెబుతారు. ఇకమీదట తండ్రి గురు గోవింద్ సింగ్, తల్లి సాహిబ్ కౌర్ (మాతా సాహిబ్ దేవాన్), పుట్టిన చోటు కేశ్‌గఢ్ సాహిబ్, సొంత ఊరు ఆనంద్‌పూర్. పాత కులం అక్కడితో సరి. తర్వాత నాలుగు నిషేధాలు: జుట్టు తీయించడం, హలాల్ పద్ధతిలో కోసిన మాంసం తినడం, పరస్త్రీ లేదా పరపురుష సంబంధం, పొగాకు. వీటిలో ఏది తప్పినా దీక్ష చెల్లదు. అయితే తలుపు మూసుకుపోదు. తప్పినవారు ఐదుగురి ముందుకు వచ్చి ఒప్పుకోవచ్చు, వాళ్లు విధించిన తన్‌ఖా, అంటే ప్రాయశ్చిత్తం, తీర్చి మళ్లీ అమృతం తీసుకోవచ్చు. చిన్న పొరపాట్లకు తన్‌ఖా చాలు. అది సాధారణంగా సేవే: సంగత్‌కు వచ్చిన భక్తుల చెప్పులు తుడవడం, లంగర్ వంటశాలలో గిన్నెలు తోమడం.