కొసరు ఖరీదు

మొన్న ఆదివారం సూపర్ మార్కెట్లో రెండు చేతుల్లో రెండు నూనె ప్యాకెట్లు పట్టుకుని పావుగంట నిలబడ్డాను. వెనక ట్రాలీ తోసుకొస్తున్న అమ్మాయి "అంకుల్, కొంచెం పక్కకి" అంది. జరిగాను గానీ ప్యాకెట్లు వదల్లేదు. రెండూ పొద్దుతిరుగుడు నూనే. ఎత్తు ఒకటే, లావూ ఒకటే. ఒకటి 145, ఇంకోటి 139. ఆరు రూపాయలు మిగిలాయని రెండోదాన్ని ట్రాలీలో వెయ్యబోతూ ఎందుకో తిప్పి చూశాను. మొదటిదాని మీద 910 గ్రాములు, అంటే నిండు లీటరు. రెండోదాని మీద 850. లీటరన్న మాట దానిమీద ఎక్కడా లేదు. అబద్ధం ఆడలేదు, మన అలవాటు మీద బతికేస్తున్నారంతే.

ఎమ్మార్పీ పక్కన గ్రాము ధర కూడా వెయ్యాలని తూనికలు కొలతల నిబంధన ఉంది కదా అని కళ్లజోడు సవరించుకున్నాను. రెండిటి మీదా రూ. 0.16 అనే ఉంది! అసలు లెక్కకి మొదటిది 15.93 పైసలు, రెండోది 16.35. రెండు దశాంశాలకి సర్దేసరికి కవల పిల్లలైపోయాయి. చౌక అనుకున్నదాని లెక్కన నిండు లీటరు కొంటే దాదాపు 149 పడుతుంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా కొసరు పిచ్చి కొత్తేం కాదు. కొత్తిమీర కట్టతో పాటు నాలుగు కరివేపాకు రెబ్బలు సంచిలో పడకపోతే నాకు బేరం తెగినట్టుండదు. (దీనికి ఇంట్లో నాకో పేరుంది, ఇక్కడ రాయను.) అందుకే దారంతా మా చిన్నప్పటి కొట్టునే తలుచుకుంటూ వచ్చాను. నెల మొదట్లో అమ్మ రాసిచ్చిన చీటీ, అట్ట ఊడిన పద్దు పుస్తకం పట్టుకుని వెళ్లేవాణ్ణి. కొట్టాయన పాత పేపరుని చేతిలోనే పొట్లంగా మడిచి, కందిపప్పు పోసి, పైన వేలాడే ఉండలోంచి పురికొస లాగి రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపేవాడు. కాటా ముల్లు నిలిచాక కూడా ఇంకో నాలుగు గింజలు వేసేవాడు. చివర్న నా చేతిలో బెల్లం ముక్క. ఆ రోజుల్లో మోసం లేదని రాద్దామనే కూర్చున్నాను.

రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఎదురు వీధి కొట్లో కందిపప్పు కిలోకి రూపాయి తక్కువ. లెక్కలు వచ్చన్న గర్వంతో ఆ మాట అమ్మకి చెప్పాను. పొయ్యి మీంచి తల తిప్పకుండానే, "అక్కడ రొక్కం ఇవ్వాలిరా" అంది.

అరువు పద్దున్న మనిషి ధర అడగదు. పప్పులో పురుగు కనిపించినా చెరిగి వండుతుంది గానీ తిప్పి పంపదు. కొట్టాయన మంచివాడే, ఏ నెలా గట్టిగా అడగలేదు. కానీ ఆ ఓపికకీ, ఆ నాలుగు గింజలకీ, నా బెల్లం ముక్కకీ కలిపి అమ్మ కిలోకి రూపాయి చొప్పున కడుతూనే ఉంది. కొసరనుకుని నేను చప్పరించింది మా అసల్లోదే.

139 ప్యాకెట్‌ని నేను తిరిగి అరలో పెట్టేశాను. ఎవరి మొహమూ చూడాల్సిన పని పడలేదు. అమ్మకి ఆ వీలు లేదు.

తూనికలు కొలతల శాఖవారికి ఒక్క విన్నపం. ధర గ్రాముకి కాకుండా 100 గ్రాములకి వేయించండి. అప్పుడు రూ. 15.93, రూ. 16.35 అని తేడా కనిపిస్తుంది. అక్షరాలు కూడా కాస్త పెద్దవి చేయించండి.