అతిలఘు చలనచిత్ర సమీక్ష: నిడివి, నిర్ణయం, హేతువు

1. ఉపోద్ఘాతం

తెలుగు చలనచిత్రం విడుదలైన రోజున మొదటి ఆట ముగియకముందే దానిపై తీర్పులు సామాజిక మాధ్యమాలలో వెలువడుతున్నాయి. ఒకటి రెండు వాక్యాలకు మించని ఈ రాతలను విమర్శగా పరిగణించడానికి సాహిత్యలోకం సాధారణంగా సుముఖత చూపదు. నిడివి చాలకపోవడమే అందుకు కారణమని చెప్తారు. ఈ అభిప్రాయం పరిశీలనకు నిలవదు. లోపం నిడివిలో లేదు. నిర్ణయాన్ని మాత్రమే చెప్పి, దానికి ఆధారమైన హేతువును వదిలివేయడంలో ఉంది.

2. అక్షరాల లెక్క

ట్విట్టర్ (ప్రస్తుతం ఎక్స్) తొలుత 140గా ఉన్న పరిమితిని 2017 నవంబరులో 280కి పెంచింది. ఈ లెక్క తెలుగు లిపికి అంత అనుకూలం కాదు. గుణింతపు గుర్తులు, పొల్లు, ఒత్తుగా వచ్చే హల్లు విడివిడిగా లెక్కకు వస్తాయి. చదువరికి ఒకే అక్షరమైన ‘స్త్రీ’ యంత్రానికి ఆరు సంకేతాలు. అయినా స్థలం చాలదనడం సమంజసం కాదు. ఆచార్య ఎన్. గోపి రూపొందించిన నానీ నాలుగు పాదాలలో, 20 నుంచి 25 అక్షరాలలో పూర్తవుతుంది. అటువంటి నానీలు మూడైనా ఈ పరిమితిలో ఇముడుతాయి. సంక్షిప్తత తెలుగు రచనకు కొత్త కాదు. చాటువు, సామెత, శతకపద్యపు మకుటం దానికి నిదర్శనాలు.

3. లోపించిన ‘నాకు’

ఈ సమీక్షల్లో తరచుగా కనిపించే పలుకుబడి రెండు విధాలు. మొదటిది ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్’ వంటిది. ఇందులో విలువకట్టే ప్రమాణం కథ నుంచి గాని, దృశ్యం నుంచి గాని రాలేదు. థియేటరులోని విరామం నుంచి వచ్చింది. రెండవది ‘కనెక్ట్ కాలేదు’, ‘వర్కవుట్ కాలేదు’ వంటిది. ‘నచ్చలేదు’ అనే క్రియలాగే ‘కనెక్ట్ కాలేదు’ కూడా తెలుగులో ‘నాకు’ అనే చతుర్థీరూపాన్ని అపేక్షిస్తుంది. సందర్భాన్నిబట్టి దానిని లోపింపజేసే సౌలభ్యం మన భాషకు ఉంది. సంభాషణలో ఎదుటివారు మాట్లాడేవారిని చూస్తూ ఉంటారు కాబట్టి ఆ లోపం బాధించదు. ముఖం తెలియని వేలమంది చదివేచోట మాత్రం ఒక ప్రేక్షకుడి అనుభవం ప్రేక్షకులందరి తీర్పుగా రూపం మార్చుకుంటుంది.

తారల చిత్రానికి ఈ తీర్పును తట్టుకొనే అభిమానబలం ఉంటుంది. చిన్న చిత్రానికి ఉండదు. వెంకటేష్ మహా దర్శకత్వంలో 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో ఎక్కువమంది నటులు ఆ ప్రాంతానికి చెందిన కొత్తవారే. ‘ఇంట్రో’, ‘ఎలివేషన్’, ‘ఇంటర్వెల్ బ్యాంగ్’ అనే పదజాలంతో అటువంటి చిత్రం గురించి చెప్పగలిగింది దాదాపు ఏమీ లేదు. నాలుగు ప్రేమకథలను ముగింపులో కలిపే ముడిని విప్పకుండా, దాని బలాన్ని సూచించే వాక్యం అక్కడ కావాలి.

4. హేతువుగల లఘువాక్యం

అటువంటి వాక్యం సాధ్యమే. కె.వి. రెడ్డి ‘మాయాబజార్’ (1957) గురించి ‘క్లాసిక్, 5/5’ అని రాస్తే చదువరికి గౌరవభావం మాత్రమే అందుతుంది. దానికి బదులు ఇలా రాయవచ్చు: ‘మాయాశశిరేఖ ఒంట్లో ఘటోత్కచుడున్నాడని సావిత్రి నడకే మనకు గుర్తుచేస్తుంది. పెళ్లివారికి మాత్రం తెలియదు. ఆ తేడాలోంచే నవ్వు పుట్టింది.’ ఈ మూడు వాక్యాలు పరిమితిలోనే ఉన్నాయి. ఇందులో ఒక సాక్ష్యం, దాని పనితీరు, దాని ఫలితం ఉన్నాయి. చదువరి చిత్రం చూసి దీనితో విభేదించవచ్చు. విభేదించడానికి వీలిచ్చే మాటే విమర్శ అవుతుంది. ‘5/5’తో వాదించడానికి చోటు లేదు.

దీర్ఘసమీక్షలకూ ఇదే కొలత వర్తిస్తుంది. కథాసారాంశం, నటీనటుల జాబితా, ‘ప్లస్’, ‘మైనస్’ పాయింట్లు, చివర అంకె అనే చట్రంలో వెయ్యి పదాలు రాసినా హేతువు లేకపోతే అది పొడిగించిన ట్వీటే.

5. ముగింపు

క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని పదం మొదలుకొని ప్రబంధార్థం వరకు వేర్వేరు స్థానాలలో పరీక్షించాడు. ఒక్క పదం దగ్గర ఆగి మొత్తం కృతిని తూచే పద్ధతి ఆయన చర్చలోనే ఉంది. అతిలఘు సమీక్షకు ఆ పద్ధతి దగ్గరిది. చిత్రమంతటినీ రెండు వాక్యాలలో కుదించడం దాని పని కాదు. ఒక దృశ్యాన్ని, ఒక నటనను, ఒక కూర్పును ఎన్నుకొని అది ఎందుకు నిలిచిందో, ఎందుకు నిలవలేదో చెప్పడం దాని పని. తెలుగు విశ్వవిద్యాలయ తరగతులలో పద్యానికి వ్యాఖ్యానం రాయించినట్లే ఇటువంటి సమీక్షలనూ రాయించి, వాటిలోని హేతువును పరీక్షించడం అవసరం. రేపటి ప్రేక్షకులలో ఎక్కువమంది చదివే సినిమా విమర్శ బహుశా ఇదే.