ఉప్పు చూడు

నాది గుంటూరు జిల్లా. కారం గురించి నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదన్న ధీమాతోనే కొరియా వెళ్ళాను. సోల్ నగరంలో నాలుగు రోజులపాటు ఎర్రగా కనబడ్డవన్నీ తిన్నాను. ఇంతేనా అనుకున్నాను. ఆ ధీమా నవంబరు చివర్లో హేనంలో, ఒక రైతింటి పెరట్లో దిగిపోయింది.

హేనం దక్షిణ కొరియాకి నైరుతి కొస. చలికాలపు క్యాబేజీకి పేరుపడ్డ నేల. అక్కడ ఒక ఇంట్లో కిమ్‌జాంగ్ జరుగుతోందంటే, తెలిసినవాళ్ళ ద్వారా వెళ్ళి చేరాను. కిమ్‌జాంగ్ అంటే చలికాలమంతటికీ సరిపడా కిమ్చి ఒకేసారి పెట్టుకోవడం. మనకి ఎండల్లో ఆవకాయ రోజులెలాగో, వాళ్ళకి చలి ముదిరే ముందు ఈ రోజులు అలాగ. ఇరుగుపొరుగులు, చుట్టాలు, పట్నంలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు అందరూ వచ్చి తలా ఒక చెయ్యి వేస్తారు, పోయేటప్పుడు తలా ఒక డబ్బా పట్టుకుపోతారు. యునెస్కో 2013లో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కిమ్చి అనే పదార్థాన్ని చేర్చలేదు. పెట్టడం, పంచుకోవడం అనే పనిని చేర్చింది. 2015లో ఉత్తర కొరియావాళ్ళ కిమ్చి తయారీని కూడా విడిగా చేర్చారు. సరిహద్దుకి అటూ ఇటూ ఉన్నది ఒక్క వంటే, జాబితాలో మాత్రం రెండు.

ఆ ఇంటి పెద్దావిడకి డెబ్బై దాటాయి. అందరూ హల్‌మొని అని పిలుస్తున్నారు. మన మామ్మగారు లాంటి మాట. వెళ్ళగానే నేనడిగిన మొదటి ప్రశ్న, కారం ఎప్పుడు కలుపుతారని. కోడలు తర్జుమా చేసింది. మామ్మగారు నవ్వి, కారం రేపటి పని, ఇవాళ చేతులు కడుక్కుని రమ్మన్నారు.

ఆ సాయంత్రమంతా ఉప్పే. క్యాబేజీ గడ్డని కత్తితో నిలువునా రెండు చెక్కలు చెయ్యరు. మొదలు దగ్గర నాలుగు వేళ్ళ లోతు గాటు పెట్టి, మిగతాది చేతులతో చీలుస్తారు. పూర్తిగా కోస్తే లోపలి లేతాకులు తునకలై నీళ్ళలో రాలిపోతాయి. చీల్చిన చెక్కని ఉప్పునీళ్ళలో ముంచి తీసి, ఒక్కో ఆకూ ఎత్తి, తెల్లకాడ దగ్గర మాత్రం కల్లుప్పు చల్లుతారు. ఆకు అంచుకి వెయ్యరు. కాడ దళసరి, ఆకు పల్చన, రెండింటికీ ఒకేసారి ఉప్పు పట్టాలంటే అదే దారి. నేను మొదటి చెక్కకి మామిడికాయ ముక్కలకి పట్టించినట్టు అంతటా సమంగా పట్టించాను. మామ్మగారు ఏమీ అనకుండా దాన్ని నీళ్ళలో కడిగేసి మళ్ళీ నా చేతికే ఇచ్చారు.

రాత్రంతా నానాలి. మధ్యలో ఒకసారి లేచి కిందవి పైకీ పైవి కిందికీ మార్చాలి. తెల్లవారుజామున ఆవిడ ఒక కాడ పట్టుకుని వంచి చూశారు. ఫట్మని విరిగితే ఇంకా ఊరలేదని లెక్క. విరగకుండా వంగితే అయినట్టు. తడిగుడ్డలా వేలాడితే చెయ్యి దాటిపోయినట్టు. అయ్యాక మూడుసార్లు కడిగి, బోర్లించి, నీరంతా ఓడేదాకా కొన్ని గంటలు వదిలేస్తారు. అంత ఉప్పు వేసింది కడిగెయ్యడానికా అని నా గుంటూరు ప్రాణం ఉసూరుమంది.

కడిగెయ్యడానికే. అసలు కిటుకంతా అక్కడే ఉంది. అంతా అయ్యాక కిమ్చిలో మిగిలే ఉప్పు నూటికి రెండు మూడు పాళ్ళు. మన ఆవకాయలో అంతకి కొన్ని రెట్లుంటుంది, పైన నూనె తేలుతుంది. ఆవకాయలో ఉప్పు ఎవరినీ లోపలికి రానివ్వని కాపలాదారు. కిమ్చిలో ఉప్పు మనిషిని చూసి గేటు తీసే కాపలాదారు. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చాలామటుకు ఆ ఉప్పుకి తట్టుకోలేవు. మన పెరుగుని తోడుపెట్టే వర్గానికి చెందిన లాక్టిక్ బ్యాక్టీరియా తట్టుకుంటుంది. తట్టుకుని, క్యాబేజీలోని చక్కెరలు తిని, పులుపు తయారుచేస్తుంది. ఆ పులుపే తరవాత కిమ్చికి కాపలా. ఉప్పు ఎక్కువైతే ఈ పని నత్తనడక నడుస్తుంది, తక్కువైతే గడ్డ మెత్తబడి పాడవుతుంది.

ఉప్పు ఎక్కడిదన్నది కూడా వాళ్ళకి పట్టింపే. హేనానికి వాయవ్యంగా సముద్రంలో ఉన్న సినాన్ దీవుల్లోనే కొరియా ఎండ ఉప్పులో ఎక్కువ భాగం పండుతుంది. అక్కడి జుంగ్‌దో దీవిలో 1953లో మొదలైన ఉప్పు మడులు ఇప్పటికీ నడుస్తున్నాయి. చూస్తుంటే నౌపడ, చినగంజాం గుర్తొచ్చాయి. అవే నలుచదరపు మడులు, అదే తెల్లటి గుట్టలు. కాకపోతే కొత్త ఉప్పుని కిమ్చికి వాడరు. బస్తాల్లో నెలలు, వీలైతే ఏళ్ళు నిలవపెట్టి, అందులోంచి చేదునీరు కారిపోయాక వాడతారు. ఆ చేదునీరూ వృథా పోదు, సోయా పాలని విరగ్గొట్టి టోఫు చెయ్యడానికి పనికొస్తుంది.

భాషలో పోలికలు వెతుక్కుని మురిసిపోవడం కొరియా వెళ్ళిన ప్రతివాడూ చేసే పనే. అమ్మని వాళ్ళు ఒమ్మా అంటారన్నది ఇప్పటికి వెయ్యిమంది రాసి ఉంటారు. నాకు నచ్చింది వేరొకటి. వంట మధ్యలో రుచి చూడమనడానికి వాళ్ళ మాట గన్ బొదా. గన్ అంటే వంటలోని ఉప్పదనం, బొదా అంటే చూడడం. ఉప్పు చూడడం! రుచి చూడు అని కాక ఉప్పు చూడు అనే ఇంట్లో పుట్టినవాడిని, నాకు ఆ మాట వినగానే వంటింట్లో మా అమ్మ గరిటెలోది అరచేతిలో వేసినట్టయింది.

రెండోరోజు కారం. పట్టా పరిచి, మధ్యలో పెద్ద బేసిన్లు పెట్టి, రబ్బరు తొడుగులు వేసుకుని చుట్టూ కూర్చున్నాం. ముల్లంగి సన్నని పుల్లల్లా తరిగి, వెల్లుల్లి, అల్లం, ఉల్లికాడలు, ఆవాకు వేసి, జిగటబియ్యపు పిండితో కాచిన పల్చని జావ పోశారు. జావ ఉంటే మసాలా ఆకుని పట్టుకుంటుంది, లోపలి బ్యాక్టీరియాకీ మేత దొరుకుతుంది. అప్పుడు ఉప్పులో ఊరిన చిట్టిరొయ్యలు, నెత్తళ్ళ రసం. ఈ రొయ్యల్లో చాంద్రమానం ఆరోనెలలో పట్టి ఊరవేసినవి మేలురకమట, ధర కూడా అలాగే ఉంటుంది. ఎండురొయ్యల వాసన తెలిసిన కోస్తావాళ్ళం కనక నేను ముక్కు మూసుకోలేదు. చివరికి గోచుగరు, అంటే వాళ్ళ మిరపపొడి. గింజలు తీసి, ముతకగా, రేకులు రేకులుగా కొట్టింది. రంగు మన కారానికి తీసిపోదు, మంట మాత్రం నాలుగో వంతు ఉంటే గొప్ప. తీపి కూడా తగుల్తుంది. అందుకే వాళ్ళు దాన్ని గిన్నెలకి గిన్నెలు పోస్తారు. ఆ కొలతతో మన గుంటూరు కారం పోస్తే ఊరంతా అంబులెన్సులే.

ఇంకో సంగతి. కిమ్చి ఎరుపు అనాదిది కాదు. మిరప కొరియాకి చేరింది 1592లో జపాను దండెత్తివచ్చిన యుద్ధకాలం ప్రాంతంలో. 1614 నాటి ఒక కొరియా గ్రంథంలో దాని ప్రస్తావన ఉంది, జపాను నుంచి వచ్చిందని. అంతకుముందు వాళ్ళ కిమ్చి తెల్లనిదే. మనకీ పోర్చుగీసు ఓడలు మిరపని తెచ్చేవరకూ ఘాటంటే మిరియాలు, ఆవాలే. అంటే, కారం మా సొత్తని మీసం తిప్పే రెండు జాతులకీ మిరప ఇంచుమించు ఒకే కాలంలో వచ్చిన చుట్టం.

చుట్టరికం వెతకాలంటే మిరపలో కాదు, ఆవాల్లో వెతకాలి. ఇది నాకు ఆ బేసిన్‌లో ఆవాకు చూసినప్పుడు తట్టింది. వాళ్ళు గత్ అనే ఆ ఆకు, మన ఆవపిండి ఇచ్చే మొక్క, రెండూ ఒకే జాతి. ఆ జాతి ఎలా పుట్టిందో తేల్చినవాడు ఊ జాంగ్‌చున్. 1898లో టోక్యోలో కొరియా తండ్రికీ జపాను తల్లికీ పుట్టిన వృక్షశాస్త్రవేత్త. కిమ్చి క్యాబేజీ ఉన్న జాతికి పది జతల క్రోమోజోములు, నల్ల ఆవాలకి ఎనిమిది జతలు, ఈ రెండూ ఎప్పుడో కలిసి పద్దెనిమిది జతలతో మన ఆవాల జాతి పుట్టిందని 1935లో చూపించాడు. అంటే ఆవకాయలో ఆవ, కిమ్చి క్యాబేజీకి వరసకి కూతురు. ఆయన 1950లో కొరియా వచ్చి, 1959లో పోయేదాకా యుద్ధంతో చితికిన ఆ దేశానికి మంచి క్యాబేజీ, ముల్లంగి విత్తనాలు తయారుచేసే పనిలో ఉన్నాడు. ఇప్పుడు కొరియా సినిమాల మీద, పాటల మీద మనవాళ్ళు రాసే రాతల్లో పదోవంతు ఆయన మీద రాసినా బాగుండును.

ఆకు ఆకుకీ మధ్య మసాలా పూసి, చివరి పెద్దాకుతో గడ్డంతా మూటలా చుట్టి పాత్రలో పేర్చాలి. పూర్వం ఆ పాత్ర ఓంగి అనే మట్టికుండ, మెడదాకా నేలలో పాతిపెట్టేవారు. మన జాడీకి ఊపిరాడదు. ఆడకూడదు కూడా, అందుకే మూతి మీద గుడ్డ వేసి వాసెన కడతాం. ఓంగికి ఊపిరాడుతుంది. కిమ్చి పులిసేటప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువు దాని గోడల్లోని సన్నరంధ్రాల గుండా కొద్దికొద్దిగా బయటికి పోతుందనీ, గాలిచొరని గాజుపాత్రలోకన్నా అందులో బ్యాక్టీరియా బాగా పెరుగుతుందనీ అమెరికాలో జార్జియా టెక్ పరిశోధకులు 2023లో కొలిచి చెప్పారు. అపార్టుమెంట్లలో పాతడానికి నేల లేదు కనక కిమ్చికి వేరే ఫ్రిజ్ వచ్చింది. సున్నా డిగ్రీల దగ్గర కదలకుండా నిలబెడుతుంది, అంటే పాతిన కుండ చేసే పనే. మేమూ ప్లాస్టిక్ డబ్బాల్లోనే సర్దాం. ఓంగులు పెరట్లో వరసగా ఉన్నాయి, కానీ అవి జాంగ్‌లకి.

జాంగ్‌లంటే సోయాచిక్కుళ్ళతో చేసే ముద్దలు, రసాలు. 2024 డిసెంబరులో అవీ యునెస్కో జాబితాకి ఎక్కాయి. వసారాలో మెజు అనే సోయా ఇటికలు ఎండుగడ్డితో కట్టి వేలాడుతున్నాయి. చలి తగ్గే రోజుల్లో వాటిని ఉప్పునీళ్ళలో వేస్తారు. ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికి పచ్చిగుడ్డు నీళ్ళలో వదులుతారు, పైకి తేలిన భాగం ఐదువందల వాన్ నాణెమంత కనబడాలి. నెలన్నర రెండు నెలలకి రసం సోయాసాస్ అవుతుంది, అడుగున మిగిలింది ద్వెన్‌జాంగ్ అవుతుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. సోల్‌లో 1905 నుంచి నడుస్తున్న గ్వాంగ్‌జాంగ్ బజారుకి ఆకలితో వెళ్ళండి. అక్కడ తిరగలిలో నానిన పెసరపప్పు రుబ్బుతూ, పెనం మీద బిందేతొక్ వేస్తుంటారు. నేను మూడడుగుల దూరం నుంచే పెసరట్టు అని గట్టిగా అనేశాను. దగ్గరికెళితే అందులో మొలకలు, కిమ్చి, పంది మాంసం, చుట్టూ నూనె మడుగు. అల్లం పచ్చడి లేని లోటు అలాగే ఉండిపోయింది. నాతో వచ్చిన మిత్రుడు శాకాహారి. మాంసం వద్దంటే తీసేస్తారు, నెత్తళ్ళ చారు మాంసం కిందికి రాదని వాళ్ళ లెక్క, కిమ్చిలోనూ రొయ్య ఉంటుంది. అతను తిండికి కుదుటపడింది బౌద్ధాలయాల్లోనే. 2002 ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ ఏడాది మొదలైన ఆలయవాస కార్యక్రమంలో ఎవరైనా ఒక రాత్రి ఉండొచ్చు. అక్కడి వంటలో మాంసం, చేప లేకపోవడమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా నిషిద్ధం. అవి లేకుండా కిమ్చా అని నేను వెక్కిరించాను. తిన్నాక మాట్లాడలేదు. తిన్న గిన్నెని ఒక కిమ్చి ముక్కతో తుడిచి, ఆ కడుగునీళ్ళు తాగెయ్యడం మాత్రం మా ఇద్దరికీ పరీక్షే అయింది.

హేనంలో ఆ మధ్యాహ్నం పనయ్యాక ఉడికించిన పంది మాంసం, అప్పుడే కలిపిన పచ్చి కిమ్చి పెట్టారు. పెద్దావిడ చెంచా ఎత్తేదాకా ఎవరూ ముట్టలేదు. వచ్చేస్తుంటే నాకూ ఒక డబ్బా ఇచ్చారు. విమానంలో ఆ డబ్బా ఉబ్బి నన్ను పెట్టిన తిప్పలు వేరే కథ.

ఇంటికొచ్చాక హైదరాబాదులో చైనా క్యాబేజీ కొని, గుంటూరు కారం పక్కన పెట్టి బ్యాడిగి మిరపకాయలు గింజలు తీసి కొట్టి, హేనంలో నేర్చుకున్నట్టే రాత్రంతా ఉప్పులో నానబెట్టి, కాడ వంచి చూసి, మూడుసార్లు కడిగి కిమ్చి పెట్టాను. డబ్బాకెత్తే ముందు అమ్మకి ఒక ఆకు మడిచి ఇచ్చి, ఉప్పు చూడమన్నాను. నమిలింది. "ఉప్పేదిరా? ఇది నాలుగురోజులన్నా ఉంటుందా?" అంది. నేను బ్యాక్టీరియా గురించి చెప్పడం మొదలుపెట్టేలోపు రెండు గుప్పెళ్ళు చల్లి కలిపేసింది.

నెల దాటింది. అది పులవలేదు, పాడూ అవలేదు. మొన్న అమ్మ దానికి ఇంగువ వేసి తాలింపు పెట్టింది.